భర్త సహకారంతో

తిరుపతిలో కరకంబాడి రోడ్డు మీద కార్లకు టింకరింగ్ పని చేసే షెడ్లు పది దాకా ఉంటాయి. అందులో ధనంజయ షెడ్డుకే ట్యాక్సీ డ్రైవర్లు ఎక్కువగా వస్తారు. ఘాట్ రోడ్డు పిట్టగోడకు రాసుకుని చీలిన మడ్‌గార్డు కానీ, లారీ వెనక్కి వచ్చి నలిపేసిన బానెట్టు కానీ, ఆయన సుత్తి పడ్డాక దెబ్బ ఎక్కడ తగిలిందో కారు ఓనరుకే గుర్తుండదు. అయినా ఊళ్లో ధనంజయకున్న పేరు ఆ సుత్తి వల్ల వచ్చింది కాదు. భార్య వల్ల వచ్చింది.

పంకజాక్షికి రెండేళ్ల వయసులో పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చీర కింద ఇనుప పట్టీలు, చంకల్లో కర్రలు. డిగ్రీ చదివి ఒక ప్రైవేటు ఆసుపత్రి రికార్డుల గదిలో ఉద్యోగం తెచ్చుకుంది. ఆసుపత్రి కారుకు సొట్ట తీయడానికి వెళ్లిన ధనంజయ, ఫైళ్ల గుట్టల మధ్య కూర్చుని ఒక డాక్టరుతో నవ్వుతూనే వాదిస్తున్న ఆమెను చూశాడు. నెల తిరక్కుండా పెళ్లి మాట ఎత్తాడు. అతని తల్లి మూడు రోజులు అన్నం ముట్టలేదు. అతను వినలేదు. ఆ పెళ్లికి పన్నెండేళ్లు నిండాయి. వాళ్లకు పిల్లల్లేరు, ఇద్దరే.

పెళ్లైన నాటి నుంచీ రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ధనంజయ భార్యను రెండు చేతుల మీద ఎత్తి స్కూటరు వెనక సీట్లో కూర్చోబెట్టేవాడు. కర్రలు పక్కన తాడుతో కట్టేవాడు. ఆసుపత్రి ముందు నాలుగు మెట్లు ఉంటాయి. అక్కడ మళ్లీ ఎత్తుకుని పైకి తీసుకెళ్లి దింపేవాడు. సాయంత్రం ఐదుకు మళ్లీ అదే. మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే వాచ్‌మన్ మునివెంకటప్ప వచ్చే పోయే రోగులకు చూపించి మరీ చెప్పేవాడు.

“ఇట్లాంటి మొగుడు యాడ దొరుకుతాడమ్మా! పెండ్లాన్ని నేల మీద కాలు పెట్టనీడు.”

“ఏముండాది లేన్నా ఇందులో” అని ధనంజయ తల వంచుకుని వెళ్లిపోయేవాడు. కానీ ఆ మాట వినని రోజు అతనికి ఏదో తక్కువైనట్టుండేది.

కారు ఆలోచన పంకజాక్షిదే. నాలుగేళ్ల కిందట కార్తీకమాసంలో తుపాను పట్టి రెండు రోజులు వాన ఆగలేదు. సాయంత్రం ఇంటికి వస్తుంటే రైల్వే వంతెన కింద నిలిచిన నీళ్లలో స్కూటరు ఆగిపోయి ఇద్దరూ పడ్డారు. మురికినీళ్లు ఆమె నోట్లోకి వెళ్లాయి. ఒక కర్ర కొట్టుకుపోయింది. ఎవరో ఆటో వాళ్లు దిగి పైకి లాగారు. ఇంటికి వచ్చి తల తుడుచుకుంటూ ఆమె అంది:

“కారు నేనే నడిపితే ఎట్లుంటుంది?”

ధనంజయ నవ్వాడు. “కాళ్లు ఆడకుండా కారు యాడ నడుస్తుందే?”

“చేతులుండాయి గదా.”

ఫోన్ తీసి చూపించింది. తనలాంటి మనిషే ఒకాయన, స్టీరింగు పక్కన ఒక కడ్డీ పట్టుకుని, చేత్తోనే బ్రేకు వేస్తూ, చేత్తోనే స్పీడు పెంచుతూ బజార్లో కారు నడుపుతున్నాడు. ధనంజయ ఆ వీడియో ఐదారు సార్లు చూశాడు. మొదట ఆ మనిషిని చూశాడు, తర్వాత ఆ కడ్డీని మాత్రమే చూశాడు. అలాంటిది కంపెనీలో బిగించాలంటే కారు ఖరీదులో సగం అవుతుంది. ఆ మాటే అంది పంకజాక్షి.

“కంపెనీ ఏంటికి? ఇది నేను చేస్తా” అన్నాడు ధనంజయ.

కారు చిత్తూరులో దొరికింది. అక్కడ ఇనుము చెక్కే లేత్ మిషను పెట్టుకున్న అజ్మతుల్లా ధనంజయకు పాత స్నేహితుడు. ఇద్దరూ కుర్రతనంలో ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నారు. తన వీధిలోనే రిటైరైన పశువుల డాక్టరు ఇంటి వెనక తొమ్మిదేళ్లుగా టార్పాలిన్ కింద పడి ఉన్న మారుతి 800 ఉందని అజ్మతుల్లా కబురు చేశాడు. వెళ్లి చూస్తే వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి. డ్రైవరు కాళ్ల కింది రేకు తుప్పు పట్టి, కింద నుంచి గడ్డి మొలిచి పెడల్స్ దాకా వచ్చింది. ఇంజను మాత్రం బాగుంది. డాక్టరు భార్య పాత ఇనుము రేటుకే ఇచ్చేసింది. తిరుపతిలో బెల్లం దింపడానికి వచ్చే మినీ లారీ డ్రైవరును బతిమాలి, ఆ లారీ వెనకే దాన్ని కట్టి లాక్కొచ్చారు.

అక్కడి నుంచి దాదాపు రెండేళ్లు ఆదివారాలన్నీ దానికే పోయాయి. కొత్త సామాను కొనే స్థోమత లేదు. యాక్సిడెంటై తుక్కుకు పోతున్న ట్యాక్సీలో నుంచి సీట్లు వచ్చాయి. ఒక హెడ్‌లైటు రేణిగుంటలో, ఇంకొకటి పుత్తూరులో దొరికాయి, రెండూ ఒక జత కాదు. అడుగు రేకు ధనంజయ తనే కత్తిరించి, వంచి, అంగుళం అంగుళం వెల్డింగ్ పెట్టాడు. షెడ్డులో మిగిలిపోయిన పెయింటు డబ్బాలన్నీ కలిపి కొడితే బూడిదకూ ఆకుపచ్చకూ మధ్య పేరు లేని రంగు తేలింది. పంకజాక్షి స్టూలు మీద కూర్చుని వైర్లు చూసేది. ఆసుపత్రిలో ఫైళ్లకు అంటించినట్టే ప్రతి వైరుకూ ఒక చీటీ కట్టి, ఏది ఎక్కడికి పోతుందో నోటుబుక్కులో రాసుకుంది. కార్బురేటరు విప్పి పెట్రోలులో కడిగి మళ్లీ బిగించడం ఆమెకు వచ్చేసింది. షెడ్డులో ఇద్దరికీ అంత మాట, అంత నవ్వు ఎప్పుడూ లేవు.

అసలు కష్టం చేతి కడ్డీ దగ్గర వచ్చింది. కడ్డీని ముందుకు తోస్తే బ్రేకు పడాలి, తన వైపు లాగితే స్పీడు పెరగాలి. దాని గీత ధనంజయ గోడ మీద సుద్దముక్కతో గీశాడు. దాన్ని ఇనుములోకి తెచ్చింది అజ్మతుల్లా. కడ్డీ తిరిగే చోట గన్‌మెటల్ బుష్ ఒకటి, బొటనవేలంత కంచు గొట్టం లాంటిది, ఉంటుంది. కడ్డీ బరువంతా, బ్రేకు జోరంతా దాని మీదే. క్లచ్చి ఇంకా ఏడిపించింది. కాలితో తొక్కేంత బలం చేతికి ఉండదు. తుక్కు వ్యానులో నుంచి పెడల్‌ను తేలిక చేసే బూస్టరు ఒకటి తీసి, గేరు రాడ్డు మీద బటన్ నొక్కితే అదే క్లచ్చిని లాగేట్టు చేశారు. నాలుగుసార్లు చేసి నాలుగుసార్లూ విప్పారు. ఐదోసారి పని చేసింది.

పుత్తూరు రోడ్డు మీద రాళ్లు మాత్రమే నాటి, ఇళ్లింకా లేని ఖాళీ ప్లాట్ల వెంచరు ఒకటుంది. మొదటిసారి కారును అక్కడికి తీసుకెళ్లారు. ధనంజయ పక్క సీట్లో హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యేసి కూర్చున్నాడు. నాలుగు ఆదివారాలు అలాగే నేర్చుకుంది. ఐదో ఆదివారం ఆమె కారు ఆపి అంది:

“దిగు.”

“ఏంటికి?”

“ఒక్కదాన్నే పోయొస్తా. ఒక్క రౌండు.”

దిగాడు. ఆమె ఒక రౌండు వెళ్లి వచ్చింది. ఆపమని చెయ్యి ఎత్తాడు. ఆపలేదు. నవ్వుతూ అతన్ని దాటి వెళ్లిపోయింది. రెండో రౌండు, మూడో రౌండు. దుమ్ములో నిలబడి అతను చెయ్యి దించాడు. నాలుగో రౌండుకు వచ్చి ఆపింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఎవురూ ఎత్తకుండా ఇంత దూరం పోయింది ఈ పొద్దే” అంది.

ధనంజయకూ కన్నీళ్లు వచ్చాయి. అవి ఉత్తుత్తి కన్నీళ్లు కావు. ఈ కథలో అతన్ని తిట్టుకునే ముందు ఆ మాట గుర్తుపెట్టుకోవాలి.

కారు ఆమె పేరనే రిజిస్టరు చేయించారు. మార్పులు పరీక్ష చేయడానికి వచ్చిన ఆఫీసరు నేల మీద పడుకుని కింది నుంచి టార్చిలైటు వేసి మరీ చూశాడు. “ఎవరు చేశారమ్మా ఈ పని?” అని అడిగాడు. “మా ఆయన” అంది పంకజాక్షి. ఆఫీసరు లేచి చొక్కా దులుపుకుని ధనంజయ భుజం తట్టాడు. ఆ రోజు ధనంజయ కాళ్లు నేల మీద లేవు.

లైసెన్సు చేతికి వచ్చింది. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు పంకజాక్షి తనే కారెక్కి వెళ్లిపోయింది. సాయంత్రం ఐదు కాగానే షెడ్డులో ధనంజయ చెయ్యి అలవాటుగా స్కూటరు తాళం మీదికి పోయింది. తీసి, మళ్లీ మేకుకు తగిలించాడు. వారం రోజులు అలాగే జరిగింది.

ఆసుపత్రి మెట్ల దగ్గర వాలు దారి కట్టించమని ఆమె ఆఫీసులో అడిగింది. పది రోజుల్లో కట్టించేశారు.

“ఇంత సులువని తెలిసుంటే ఎప్పుడో అడిగుందును. నువ్వు ఎత్తుకొచ్చేస్తా ఉండావు గదా, ఎవురికీ తోచనేలేదు” అని అన్నం తింటూ ఆమె నవ్వింది. ధనంజయ ముద్ద కంచంలోనే వదిలాడు. నీళ్లు తాగాడు.

ఆమెకు రెక్కలొచ్చినట్టయింది. చిన్నప్పుడు చూసిన కార్వేటినగరం మేనత్తను చూడటానికి ఒక్కతే వెళ్లి వచ్చింది. ఆసుపత్రి నర్సులను ఎక్కించుకుని నగరికి వెళ్లి చీరలు కొనుక్కొచ్చింది. ముందు చెప్పి వెళ్లేది. తర్వాత వెళ్లి చెప్పేది. ఒక్కోసారి చెప్పడం మరిచిపోయేది. దాపరికం కాదు, చెప్పాల్సినంత పెద్ద సంగతిగా ఆమెకు తోచేది కాదు. ఒక ఆదివారం ఆమె అలిపిరి దగ్గర ఉందని ధనంజయకు షెడ్డు పక్కన టీ అంగడి పెట్టుకున్న ఎల్లప్ప చెప్పాడు.

“మీ ఆమె అలిపిరి కాడ అగుపడిందప్పా. నలుగురు ఆడోళ్లను ఎక్కించుకొని, ఏం జోరుగా తోల్తాండాదనుకున్నావు!” అని టీ గ్లాసు అందిస్తూ, “ఇంగ నీతో పనేముండాదిలే ఆమెకు” అని పకపకా నవ్వాడు.

ఎల్లప్ప ఆ మాటను అప్పుడే మరిచిపోయాడు. ధనంజయ మరవలేదు.

ఆ తర్వాత పేపరులో వచ్చింది. జిల్లా పేజీలో పంకజాక్షి స్టీరింగు పట్టుకుని నవ్వుతున్న ఫోటో వేసి, ఆమె పట్టుదల గురించి అర పేజీ రాశారు. తుక్కు కారు, జతకాని హెడ్‌లైట్లు, పేరు లేని రంగు, అన్నీ ఉన్నాయి. ధనంజయ తన పేరు కోసం వెతికాడు. చివరి నుంచి మూడో వాక్యంలో ‘భర్త సహకారంతో’ అని ఉంది. పేరు లేదు. అజ్మతుల్లా ఊసే లేదు.

“నేను చెప్పినా. నీ పేరు, అజ్మతుల్లా అన్న పేరు, వెల్డింగ్ సంగతి, అన్నీ అరగంట చెప్పినా. వాళ్లు కోసేసినారు” అని పంకజాక్షి బాధపడింది. ఫోన్ చేసి ఆ విలేకరిని అడిగింది కూడా. ధనంజయ “పోనీలే, దానిదేముండాది” అన్నాడు. షెడ్డుకు పోయి ఆ పేజీ విప్పి, ఆ రెండు మాటల మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. రెండేళ్ల ఆదివారాలు, వెల్డింగ్ వెలుగుకు వాచిన కళ్లు, కాలిన వేళ్లు, అన్నీ కలిపి రెండు మాటలు.

ఉగాది దాటాక కడ్డీలో చిన్న వదులు మొదలైంది. “తోసేటప్పుడు టక్కుమంటాండాది, సూడు” అని పంకజాక్షే చెప్పింది. ధనంజయ విప్పి చూశాడు. గన్‌మెటల్ బుష్ ఒక పక్క అరిగింది. అలాగే నడపడం ప్రమాదం. ఆ మాట నిజమే. కడ్డీని ఊడదీసి, పాత బుష్‌ను కొలతకని బస్సు పార్శిలులో చిత్తూరుకు పంపాడు. అప్పటి వరకు అతను చేసిందంతా న్యాయమే.

మూడో రోజు ఇంకాస్త గట్టి లోహంతో చేసిన కొత్త బుష్ తిరిగి వచ్చింది. అజ్మతుల్లా దాన్ని నూనె రాసి, ఉర్దూ పేపరులో చుట్టి పంపాడు. ధనంజయ బస్టాండులో దాన్ని తీసుకుని జేబులో వేసుకున్నాడు. మొదటి రెండు రోజులు ఆటోలో వెళ్లిన పంకజాక్షిని ఆ ఉదయం చాలా రోజుల తర్వాత స్కూటరు మీద దింపి వచ్చాడు. వాలు దారి ఉన్నా, ఆలస్యమైందని మెట్ల మీదుగానే ఎత్తుకెళ్లాడు. “వచ్చినావా అప్పా! నువ్వు లేక ఈ మెట్లే చిన్నబోయినాయి” అన్నాడు మునివెంకటప్ప. ఆ మాట చెవిలో ఇంకా ఉంది.

సాయంత్రం ఆమె అడిగింది. “బుష్ వచ్చినాదా?”

“ఇంగా లేదు. రేపో ఎల్లుండో” అన్నాడు ధనంజయ.

చెప్పాక తనే ఉలిక్కిపడ్డాడు. రేపు బిగించేద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు వారమైంది, నెలైంది. బుష్ ఇంట్లోనే, సామాన్ల పెట్టెలో పాత గుడ్డల కింద ఉంది. కస్టమర్లకు రోజూ చెప్పే మాటలే భార్యకూ చెప్పసాగాడు. సామాను రాలేదు. లోహం దొరకలేదు. కొలత తప్పింది. పొద్దున ఎత్తి కూర్చోబెట్టేవాడు, సాయంత్రం ఎత్తి దింపేవాడు. దారిలో ఆపి మల్లెపూలు కొనేవాడు. ఇంత సంతోషంగా ఎప్పుడూ లేననుకునేవాడు. వెనక సీట్లో ఆమె మాట్లాడటం తగ్గిపోయిందని గమనించాడు. అలవాటు తప్పి అలా ఉందిలే అనుకున్నాడు.

మూడో నెలలో ఆమె అంది. “నేను అన్నకు ఫోన్ చేసి అడిగేదా?”

“వద్దు వద్దు.” ధనంజయ నోటికి ఏది వస్తే అది అనేశాడు. “పాపం ఆయన చేయి లేత్‌లో పడింది. రెండు వేళ్లు తెగినాయంట. చానా కుంగిపోయినాడు. ఎవురూ ఫోన్ చేయొద్దు, చూసేదానికి రావద్దు అన్నాడు.”

పంకజాక్షి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. “అయ్యో దేవుడా! నాకు ముందే ఏంటికి చెప్పలేదు? ఆయన వేళ్లు పోతే ఇల్లు ఎట్ల జరుగుతుంది?” ఆ తర్వాత ఆమె బుష్ మాట ఎత్తలేదు. వేళ్లు పోయిన మనిషిని బుష్ కోసం తొందర పెట్టినందుకు సిగ్గుపడుతున్నట్టుండేది. ధనంజయకు అదీ వీలుగానే తోచింది.

నాలుగో నెల ఒక శనివారం చిత్తూరులో ఆసుపత్రి వాళ్లు కంటి శిబిరం పెట్టారు. రికార్డులు రాయడానికి పంకజాక్షిని కూడా ఆసుపత్రి వ్యానులో తీసుకెళ్లారు. మధ్యాహ్నం రెండు గంటలకు ధనంజయ ఒక డోరు సొట్ట తీస్తుండగా ఫోన్ మోగింది. అజ్మతుల్లా.

“ధనంజయా, నీ పెండ్లాం మా ఇంటికి వచ్చినాది” అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే సరదా లేదు. “దానిమ్మకాయలు తెచ్చినాది. నా చేయి ఎట్లుండాదని అడిగినాది. నా చేతికి ఏమైందప్పా?”

ధనంజయ సుత్తి కింద పెట్టాడు. “నువ్వేం చెప్పినావు?”

“చెప్పేదేముండాది? తలుపు తీసిందే నేను. రెండు చేతుల్తో ఆమె కర్రలు పట్టుకుని లోపలికి పిలిచినా. ఆమె నా వేళ్లు చూసినాది. మళ్లీ చూసినాది. మా ఇంటామె వహీదున్నీసా ఏమో, చేతికేమైందని ఒకటే ఏడుపు. చెప్పరాని దెబ్బ ఏదో తగిలింది, తనకు దాచిపెట్టినానని.”

“బుష్ సంగతి అడిగిందా?”

“అడిగినాది. నాలుగు నెలల కిందటే పంపినానని చెప్పినా. అబద్ధం ఆడమని నువ్వు ముందే అడిగింటే ఆడేవాణ్ణో లేదో నాకు తెలీదు. నువ్వు అడగను కూడా లేదు.” ఫోన్ పెట్టేశాడు.

సందెవేళ ఆసుపత్రి వ్యాను ఇంటి ముందు ఆగింది. డ్రైవరు పట్టుకోబోతే వద్దని పంకజాక్షి తనే కర్రల మీద దిగింది. ధనంజయ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని, కర్రలు గోడకు ఆనించి అడిగింది.

“యాడుండాది?”

అతను సామాన్ల పెట్టె తెచ్చి, గుడ్డలు తీసి, పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఉర్దూ పేపరు విప్పింది. కొత్త బుష్ పచ్చగా మెరిసింది. అందులో వేలు దూర్చి తిప్పి చూసింది.

“పొద్దున్నే నువ్వు నన్ను ఎత్తుకునేటప్పుడంతా ఇది ఈ ఇంట్లోనే ఉండాది.”

“నాకు భయమేసిందే” అన్నాడు ధనంజయ. “ఒక్కదానివే ఊర్లన్నీ తిరుగుతాండావు. ఏమన్నా అయితే…”

“భయమైతే భయమని చెప్పొచ్చు గదా. కొట్లాడేదాన్ని. నాలుగు దినాలు మాట్లాడకుండా ఉండేదాన్ని. దానికి ఒక మడిసి వేళ్లు తెగినాయని చెప్తావా? నాలుగు వారాలు ఆయన కోసం దేవునికి మొక్కినా నేను.”

అసలు కారణం ధనంజయ నాలుక చివరి దాకా వచ్చింది. ఎల్లప్ప నవ్వు, వాలు దారి, పేపరులో రెండు మాటలు. పైకి చెప్తే అవి ఎంత చిన్నవిగా వినబడతాయో అతనికి తెలుసు.

“నీకు బరువైతానేమోనని పదకొండేండ్లు భయపడినా” అంది పంకజాక్షి. “బరువు దిగితే నీకు ఇంత కష్టమని తెలీలేదు.”

“ఇప్పుడే బిగిస్తా. పది నిముసాల పని.” అతను పెట్టె అందుకోబోయాడు.

“వద్దు.”

“ఏంటికే?”

“నువ్వు బిగించిన బ్రేకు పట్టుకొని నేను ఇంగ రోడ్డు మీదికి పోలేను.”

ఆమె గొంతు పెంచలేదు. ధనంజయకు ముఖం మీద కొట్టినట్టయింది. అబద్ధాలకోరని తిట్టినా పడేవాడు. ముప్పై ఏళ్లుగా సొట్టలతో పాటు ఎందరి కార్లకో బ్రేకులు కూడా బిగించి పంపాడు. ఒక్కటీ తిరిగి రాలేదు. “నా పని మీద అనుమానమా? ఏమైనా అను, ఆ మాట మాత్రం అనొద్దు పంకజా” అన్నాడు. ఆమె బుష్‌ను పేపరులో చుట్టి తన సంచిలో వేసుకుని, పట్టీలు విప్పుకోవడం మొదలుపెట్టింది. రోజూ అవి విప్పేది అతనే. ఆ రోజు దగ్గరికి వెళ్లలేకపోయాడు.

మరుసటి ఆదివారం అజ్మతుల్లా చిత్తూరు నుంచి బస్సులో వచ్చాడు. పంకజాక్షే పిలిపించింది.

“మొత్తం విప్పి సూడన్నా. కడ్డీ ఒక్కటే కాదు, కింద ఉండే బోల్టులన్నీ” అంది.

ధనంజయ తన ఇంటి ముందు, తను కట్టిన కారు పక్కన, పని చేయించుకోవడానికి వచ్చిన కస్టమరు లాగా నిలబడ్డాడు. పదమూడో నంబరు స్పానర్ కోసం అజ్మతుల్లా వెతుకుతుంటే తీసి అందించాడు. అజ్మతుల్లా ముఖం చూడకుండా తీసుకున్నాడు. రెండు గంటలు పట్టింది. చివరికి ఆయన చేతులు కడుక్కుని పంకజాక్షితో అన్నాడు:

“ఒక్క తప్పు లేదమ్మా. ఇంత పద్ధతిగా నేను కూడా బిగించలేను.”

“తెలుసన్నా” అంది పంకజాక్షి. సీట్లోకి జరిగి, కర్రలు పక్కన పడేసి, కడ్డీ రెండుసార్లు తోసి చూసుకుని కారు తీసింది.

అజ్మతుల్లా టీ కూడా తాగలేదు. వీధి చివరి దాకా ధనంజయ ఆయన వెంట నడిచాడు. బస్టాండుకు ఆటో ఎక్కుతూ అజ్మతుల్లా ఆగాడు. “లేత్ మీద బతికేవోడి చేయి తెగిందని నోటితో ఎట్లన్నావప్పా? మా ఇంటామె ఇప్పటికీ రోజూ నా వేళ్లు పట్టి సూసుకుంటాది” అన్నాడు. ఆటో వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆయన ఫోన్ చేయలేదు.

ఇద్దరూ అదే ఇంట్లో ఉంటున్నారు. పంకజాక్షి వండుతుంది, వడ్డిస్తుంది, గ్యాసు అయిపోతే చెప్తుంది. పుట్టింటికి పోలేదు, పెద్దలను పిలవలేదు. అతను ఎత్తుకోవాల్సిన అవసరం ఇంట్లో ఎక్కడా రాకుండా గోడలకు ఇనుప పైపులు బిగించుకుంది. వాటికి మనిషిని బయటి నుంచి పిలిచింది. రెండు నెలలకోసారి కారు సర్వీసుకు వస్తుంది. ఇంటి నుంచి ధనంజయ షెడ్డుకు కిలోమీటరున్నర. ఆమె తెల్లవారి లేచి డెబ్బై కిలోమీటర్లు నడుపుకుంటూ చిత్తూరు వెళ్లి, అజ్మతుల్లా దగ్గర చూపించుకుని, వహీదున్నీసాతో అన్నం తిని వస్తుంది. మొదటిసారి వెళ్లేటప్పుడు “ఇంత దూరం ఏంటికి పంకజా, ఈడ నేను లేనా?” అన్నాడు. ఆమె అతన్ని చూసి అద్దం పైకెత్తుకుంది.

మొన్న ఆవణి నెలలో, వినాయక చవితి ముందు, ఒక పాత కారు షెడ్డు ముందు ఆగింది. కార్వేటినగరం నుంచి తిరుమలయ్య అనే పెద్దాయన, పక్కన ఆయన కూతురు రూపశ్రీ. టీచరు. ఆమెకు రెండు కాళ్లూ పని చేయవు. పంకజాక్షి ఫోటో వచ్చిన పేపరు ముక్క భద్రంగా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెచ్చుకుంది.

“అక్క చేసుకున్నట్టే నాకూ చేయించుకోవాలని వచ్చినామన్నా” అంది.

ధనంజయకు చాలా నెలల తర్వాత ఒంట్లోకి ప్రాణం వచ్చింది. స్టూలు తుడిచి పెద్దాయనను కూర్చోబెట్టాడు. కారు చుట్టూ తిరిగాడు, పడుకుని కింద చూశాడు, టేపు పెట్టి కొలిచాడు. సుద్దముక్క తీసి గోడ మీద కడ్డీ గీత గీయడం మొదలుపెట్టాడు. “మీ కారుకు కడ్డీ ఇంకొంచెం పొట్టిగా రావాల తల్లీ. బుష్ మాత్రం ఇంతకు ముందు చేసినదాని కన్నా గట్టిది వేస్తా…”

రూపశ్రీ మొహమాటంగా తండ్రి వైపు చూసింది.

“అదేనన్నా… అక్కతో ఫోన్‌లో మాట్లాడినా. సొట్టలు, తుప్పు పనికి మా ఆయన్ను మించినోళ్లు తిరుపతిలో లేరు, ఆయన కాడికే పో అనింది. కడ్డీ, బ్రేకు పని మాత్రం చిత్తూరులో చేయించుకోమనింది.”

ధనంజయ చేతిలో సుద్ద గోడ మీదే ఆగింది. “ఏంటికని చెప్పిందా?”

“అడిగినా. మా ఆయనకు తీరిక ఉండదు అనింది.”

ఎల్లప్ప పక్క నుంచి టీ గ్లాసులు పట్టుకుని వచ్చి, “యాడుంటాదమ్మా తీరిక! పెండ్లాం కోసం కారే కట్టిచ్చిన మనిషి. ఊర్లో ఎవురినన్నా అడుగు” అన్నాడు. తిరుమలయ్య రెండు చేతులూ జోడించి ధనంజయకు దండం పెట్టాడు.

ధనంజయ గోడ మీది గీత చేత్తో తుడిచేశాడు. జేబులోంచి ఫోన్ తీసి అజ్మతుల్లా నంబరు ఆ అమ్మాయికి చదివి వినిపించాడు.

“అవునమ్మా” అన్నాడు. “నాకు తీరిక ఉండదు.”